అర ఎకరం పార్కు, 22 రకాల చెట్లు

చెట్టూ చేమా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో విజయనగరంలో మా కాలనీ పార్కు గురించి నాలుగు ముక్కలు రాశాను. అర ఎకరం జాగా, 47 చెట్లు, 22 రకాలు అన్నాను. తెల్లదోమ గురించో, ఎరువుల గురించో రాస్తే రెండు ఉత్తరాలు రావడమే గొప్ప. ఈ లెక్కకి మాత్రం సంచీడు వచ్చాయి. కొందరు నమ్మలేదు. ఒకాయన కోప్పడ్డారు. ఓ పాప మేడికాయల బొమ్మ వేసి పంపింది, అది ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఈసారి చోటంతా ఆ ఉత్తరాలకే. మిద్దె తోటల వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: టీచర్‌గారూ, అర ఎకరంలో 22 రకాలంటే అది నర్సరీ అవుతుంది గానీ పార్కు కాదు. పొదలు, తీగలు కూడా కలిపేశారా? అసలు ఎలా లెక్కపెట్టారు?
(రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పూల్‌బాగ్ కాలనీ, విజయనగరం)

పూలతోట అని పేరున్న కాలనీలో ఉంటూ మీరే ఇంత అనుమానపడితే ఎలాగండీ!

పొదలు, తీగలు కలపలేదు. మందారం, గన్నేరు, నూరు వరహాలు, గోడ మీదికి ఎగబాకిన కాగితం పూలు అన్నీ వదిలేశాను. అటవీశాఖ వాళ్లు చెట్టు లావుని నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర కొలుస్తారు. నేనూ ఆ పద్ధతే పట్టుకున్నాను. మా టైలర్ని అడిగి తెచ్చుకున్న టేపుతో, ఆ ఎత్తున చుట్టుకొలత ఆరు అంగుళాలు దాటినదాన్నే చెట్టు అన్నాను. మూడు ఉదయాలు పట్టింది. మోకాలు సహకరిస్తే ఒక్క ఉదయంలో తేలిపోయేది. మొదటిరోజు నన్ను చూసి మా పార్కు వాచ్‌మన్ "ఏటి మేడంగారూ, సెట్లకి జాకెట్లు కుడతారేటి?" అన్నాడు.

గేటులోంచి వస్తూ చెబుతాను, మీరు వేళ్లు మడవండి. గేటుకి అటూ ఇటూ పొగడలు రెండు. నడక దారి పొడుగునా కానుగలు తొమ్మిది. ఉత్తరం గోడ వారన నరమామిడి ఏడు. నాలుగు మూలలా నాలుగు వేపలు. పిల్లల ఉయ్యాలల దగ్గర నిద్రగన్నేర్లు రెండు, బాదం చెట్లు రెండు. మధ్యలో గుండ్రటి అరుగు చుట్టూ కాడమల్లెలు మూడు, దేవగన్నేర్లు రెండు. పడమర వైపు పచ్చ తురాయిలు రెండు, కొబ్బరి చెట్లు రెండు. ఇవి పది రకాలు, 35 చెట్లు. మిగతా పన్నెండు రకాలకీ తలా ఒక్క చెట్టే: ఎర్ర తురాయి, రేల, చింత, జమ్మి, నేరేడు, ఉసిరి, రావి, మేడి, గంగరావి, కదంబం, ఏడాకుల పాల, నాగలింగం. బ్యాంకులో పనిచేసినవారు, నేను చెప్పకపోయినా కూడి చూస్తారు.

కొబ్బరిని చెట్టు అనడం మీద నాకు నాతోనే తగువుంది. దాని కాండం వేపలా, చింతలా ఏటా లావెక్కదు. అడ్డంగా కోస్తే వలయాలుండవు. మర్రికీ వేపకీ కన్నా గడ్డికే దగ్గరి చుట్టం. క్లాసులో అయితే చెట్టు కాదనే చెప్పేదాన్ని. కానీ అచ్చులో ఆ మాట రాస్తే కొబ్బరి తోటల ఉద్దానం వాళ్లు నన్ను ఊళ్లోకి రానివ్వరు. అందుకని లెక్కలో ఉంచేశాను.

ఇన్ని రకాలు ఎలా వచ్చాయంటే, ఎవరూ ప్లాను గీసి పెట్టినవి కావు. లేఅవుట్ వేసిన కొత్తలో వచ్చినవాళ్లు కానుగ, వేప, నిద్రగన్నేరు పాతి వెళ్లిపోయారు. తర్వాత ఎవరికి తోచింది వాళ్లు పెట్టారు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనాలకి ఆటోలు కట్టించుకుని ఊరి బయటికి పోలేక, మా వీధి ఆడవాళ్లం చందాలేసుకుని ఉసిరి పెట్టుకున్నాం. జమ్మి దసరా కోసం వచ్చింది. ఆ పండగ సాయంత్రం దాని అవస్థ చూడాలి, చెయ్యి అందినంత మేరా ఒక్క రెమ్మ మిగలదు. పొగడలు పెట్టినాయన ఇప్పుడు లేరు. వాళ్లావిడ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి కింద రాలిన పూలు కొంగులో ఏరుకుని వెళుతుంది. పొగడ పువ్వు వాడి, ఎండి, గోధుమ రంగుకి తిరిగినా వాసన పోదు.

రావి, మేడి మాత్రం మనుషులు పెట్టినవి కావు. రావి నీళ్ల ట్యాంకు గోడ పగుల్లోంచి వచ్చింది, కాకి పుణ్యమా అని. ట్యాంకు పాడవుతుందని రెండుసార్లు నరికారు, రెండుసార్లూ మొలిచింది. మూడోసారి ట్యాంకునే పక్కకి మార్చారు.

ప్రశ్న: అమ్మా, మీరు నరమామిడి అన్న చెట్టు ఏది? గోడ వారన నిటారుగా, ఆకులు కిందికి వేలాడుతూ ఉండేదే అయితే దాన్ని మేం అశోక చెట్టు అంటాం. మా అపార్ట్‌మెంట్ ముందు 12 ఉన్నాయి. సీతమ్మవారు కూర్చున్న చెట్టు ఇదే కదా?
(గృహిణి, నరసన్నపేట)

మీరు చెప్పిన చెట్టే. కాకపోతే సీతమ్మ కూర్చున్నది దాని కింద కాదు. కూర్చోవాలన్నా అక్కడ నీడ ఏదీ?

అసలు అశోకం వేరు. నడితరం ఎత్తు, గుబురుగా పెరుగుతుంది. నారింజ, ఎరుపు కలిసిన పూల గుత్తులు కొమ్మలకే అంటుకుని వస్తాయి. లేత ఆకులు రాగి రంగులో, గుడ్డపీలికల్లా మెత్తగా వేలాడతాయి. అది చింత, కానుగల కుటుంబం. మీ అపార్ట్‌మెంట్ ముందున్నది సీతాఫలం కుటుంబం. నమ్మకం లేకపోతే సీతాఫలం పువ్వూ, దీని పువ్వూ తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి, ఆకుపచ్చగా, పొడుగు రేకులతో చుట్టాల్లా ఉంటాయి. సన్నగా స్తంభంలా పెరిగేది నరమామిడిలో ఒక రకం. మామూలు నరమామిడి కొమ్మలు చాపి పెద్ద చెట్టవుతుంది.

పేరు తప్పయినంత మాత్రాన కొట్టించకండి. పండ్లు నల్లబడినప్పుడు రాత్రిపూట గబ్బిలాలొచ్చి తింటాయి, తెల్లారేసరికి కింద గింజలు పరుచుకుని ఉంటాయి. ఆకుపచ్చ చుక్కలతో, కుదురుగా ఒకచోట వాలకుండా ఎగిరే ఓ సీతాకోకచిలుక ఈ ఆకుల మీదే గుడ్లు పెడుతుంది.

ప్రశ్న: మామ్మగారూ, మా స్కూలు వెనకాల మేడి చెట్టుంది. కాయలు కాండానికే గుత్తులుగా వస్తాయి. కానీ ఒక్కసారి కూడా పువ్వు చూడలేదు. పువ్వు లేకుండా కాయ ఎలా వస్తుంది? మా సార్‌ని అడిగితే సిలబస్‌లో లేదన్నారు.
(ఏడో తరగతి విద్యార్థిని, గజపతినగరం)

బొమ్మ పంపింది నువ్వే కదమ్మా! కాయలు కొమ్మల చివర కాకుండా కాండం మీదే వేశావు, అందుకే ఫ్రిజ్ మీదికెక్కింది.

మేడికి పువ్వు పూయకపోవడం కాదు, పువ్వుని దాచుకుంటుంది. నువ్వు కాయ అనుకుంటున్నది నిజానికి లోపల గుల్లగా ఉన్న ఒక చిన్న సంచి. దాని లోపలి గోడ నిండా వందల కొద్దీ బుల్లి పూలుంటాయి. లేత మేడికాయ ఒకటి తెచ్చి నిలువునా కోసి, భూతద్దం పెట్టి చూడు. కోసే పని అమ్మ చేత చేయించు.

మరి లోపలున్న పూలకి పుప్పొడి ఎవరు తెస్తారు? కాయ చివర సూది మొనంత రంధ్రం ఉంటుంది. నువ్వుగింజంత కూడా ఉండని ఒక కందిరీగ జాతి పురుగు అందులోంచి దూరుతుంది. ఆ దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడే దాని రెక్కలు తెగిపోతాయి. వేరే కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని పూలకి అంటిస్తూ, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. ఆ గుడ్లలోంచి ముందు మగ పురుగులొస్తాయి, వాటికి రెక్కలే ఉండవు. ఆడవాటితో జతకట్టి, అవి బయటికి పోవడానికి కాయ గోడకి సొరంగం తవ్వి, అక్కడితో వాటి పని అయిపోతుంది. ఆడ పురుగులు పుప్పొడి మోసుకుని ఇంకో మేడికాయ వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. రావి, మర్రి, జువ్విలది కూడా ఇదే కథ. సాధారణంగా ఏ చెట్టు పురుగు ఆ చెట్టుకే వెళుతుంది, మేడి పురుగు మర్రికి పనికిరాదు.

పొట్ట విప్పితే పురుగులని మేడిపండుని చిన్నప్పటి నుంచీ మనచేత తిట్టిస్తారు. ఆ పురుగే లేకపోతే మేడికి గింజే లేదు. మా పార్కులో పండ్లు ఎర్రబడ్డాయంటే పొద్దున్న ఆరింటికే కోకిలలు, కంసాలి పిట్టలు దిగిపోతాయి. ఏడాదిలో ఒకటికి రెండుసార్లయినా ఆ సంబరం ఉంటుంది.

ప్రశ్న: మీ వ్యాసం చదివి మా కాలనీ వాళ్లు కమిటీ మీద పడ్డారు. మేం పార్కులో 30 గుంతలు తీయించాం. అన్నిటిలో కోనోకార్పస్ పెట్టాలని తీర్మానం కూడా అయిపోయింది. ఒకే రకమైతే ఒకే ఎత్తున పెరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, ఊడ్చే పని తక్కువ. రకరకాలు పెట్టాలనడం చాదస్తం కాదా?
(కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, శ్రీకాకుళం)

కోప్పడిన ఉత్తరం ఇదే. చాదస్తం అన్నందుకు నాకేమీ బాధ లేదండీ, మా ఇంట్లో రోజూ వినే మాటే.

ముందు కోనోకార్పస్ సంగతి. త్వరగా పెరుగుతుంది, మేకలు ముట్టవు, ఎండకి వాడదు, నిజమే. కానీ గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్క నాటడాన్నే నిషేధించింది. పూత కాలంలో పుప్పొడి వల్ల జలుబు, దగ్గు, ఆయాసం, నేలలోపల కేబుళ్లకీ పైపులకీ వేళ్ల వల్ల నష్టం అని కారణాలు చెప్పారు. తీర్మానం కాగితం మీదే ఉంది కదా, గుంతల్లోకి దిగలేదు. మార్చుకోవచ్చు.

"సరే, అది కాకపోతే ఇంకోటి, ఒకే రకం" అంటారు మీరు. అక్కడే నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది, మా విజయనగరాన్నీ వదల్లేదు. అప్పటికి పార్కులో నిద్రగన్నేర్లు ఐదు. గొడుగులా అంత వెడల్పు కొమ్మలు, చుట్టూ సిమెంటు పోసేసిన నేలలో వేళ్లేమో పళ్లెంలా పైపైనే. మర్నాడు వెళ్లి చూస్తే మూడు వేళ్లతో సహా పడున్నాయి. ఎర్ర తురాయి సగానికి విరిగింది, తర్వాత ఎలాగో చిగిర్చింది. కానుగల కొమ్మలు విరిగాయి గానీ చెట్లు నిలబడ్డాయి. పొగడలకి ఆకు రాలడం తప్ప ఇంకేమీ కాలేదు. అదే గాలి, అదే నేల. నాలుగు రకాలుంటే నాలుగు రకాలుగా తట్టుకున్నాయి. మీ జిల్లా వాళ్లకి ఇది నేను చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తప్ప వేరే ఆధారం లేని రైతుల గతి ఏమైందో మీరు కళ్లారా చూసే ఉంటారు.

ఇంతా చూసి నేను చేసిందేమిటి? పడిపోయినవాటి బదులు ఏం పెట్టాలని కమిటీ వాళ్లు నన్ను అడిగితే, "నరమామిడి పెట్టండి, చోటు తక్కువ, తొందరగా ఎదుగుతుంది" అన్నాను. ఏడూ ఒకే రకం, ఒకే వరస. అచ్చం మీలాగే. ఇప్పుడవి పొడుగ్గా, అందంగా ఉన్నాయి. వాటి ముందున్న బెంచీల మీద ఏప్రిల్ నెలలో పొద్దున్న తొమ్మిది దాటితే కూర్చోలేం. పెన్షనర్లు బెంచీలు ఈడ్చుకెళ్లి కానుగల కింద వేసుకున్నారు. నన్ను చూసినప్పుడల్లా "టీచర్‌గారి చెట్లు" అంటారు, మర్యాదగానే.

ఊళ్లో చెట్లు పెంచేవాళ్లకి ఒక కొండగుర్తు ఉంది. అమెరికా జాతీయ వృక్షోద్యానంలో పనిచేసిన ఫ్రాంక్ శాంటమూర్ అనే శాస్త్రవేత్త 1990లో చెప్పాడు. నూటికి పదికి మించి ఒకే జాతి చెట్లుండకూడదు, ఇరవైకి మించి ఒకే ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఉండకూడదు, ముప్పైకి మించి ఒకే కుటుంబం ఉండకూడదు. వాళ్లకి దెబ్బ తగిలాకే ఈ తెలివి వచ్చింది. అక్కడి ఊళ్లలో వీధి వీధంతా ఎల్మ్ చెట్లే పెట్టుకున్నారు. 1930 ప్రాంతంలో ఒక బూజు తెగులు వచ్చి వరసలకి వరసలు ఎండబెట్టేసింది. ఆ ఖాళీల్లో చాలాచోట్ల ఆష్ అనే చెట్టు పెట్టారు, మళ్లీ వరసగానే. 2002లో ఆష్‌ని తినే పచ్చ పురుగు బయటపడింది. మళ్లీ మొదటికే.

అమెరికా దాకా ఎందుకు? 2021లో తెలుగు నేల మీద వేపలు కొమ్మల చివర్ల నుంచి ఎర్రగా మాడిపోతే "వేపకీ కరోనా వచ్చింది" అన్నారు జనం. అది కొమ్మల్ని ఎండబెట్టే బూజు తెగులు. మీ పలాస జీడితోటల్ని పీడించే టీ దోమే వేప చిగుళ్లనీ గుచ్చి రసం పీలుస్తుంది, ఆ గాయాల్లో తెగులుకి చోటు దొరుకుతుంది. మా నాలుగు వేపలూ మాడాయి, తర్వాత చిగిర్చాయి. ఆ నాలుగు నెలలూ పార్కు మాత్రం బోసిపోలేదు, చుట్టూ వేరేవి పచ్చగా ఉన్నాయి కాబట్టి.

ఇంకో ముచ్చట. ఈ కొండగుర్తుతో మా పార్కుని కొలిచి చూశాను. 47కి నూటికి పది చొప్పున అయిదు కూడా రావు, కానుగలే తొమ్మిది, నరమామిడి ఏడు. ఫెయిల్. కుటుంబం చూద్దామంటే కానుగ, నిద్రగన్నేరు, తురాయిలు రెండు రంగులూ, చింత, జమ్మి, రేల, అన్నీ చిక్కుడు కుటుంబమే. కూడితే 17, నూటికి 36. మళ్లీ ఫెయిల్. 22 రకాలని పోయిన నెల గొప్పలు పోయినదాన్ని, ఈ లెక్క తేలాక కాసేపు నోరు పెగల్లేదు.

మీ 30 గుంతలకీ నా మాట: మూడేసి చొప్పున పది రకాలు పెట్టండి. పొన్న, పొగడ, గంగరావి, నేరేడు, మారేడు, కదంబం, ఉసిరి, వేప, కానుగ, అసలు అశోకం. పొన్న, గంగరావి సముద్రపు గాలికి అలవాటుపడినవి. నేరేడు నడక దారికి దూరంగా వేయండి, పండ్ల కాలంలో కాలు జారుతుంది. కదంబానికి నీళ్లు నిలిచే పల్లపు మూల ఇచ్చినా ఫరవాలేదు. ఊడ్చే పని పెరుగుతుంది, కాదనను. ఒక మూల గుంత తీసి ఆకంతా అందులో వేయించండి, ఎరువు కొనే ఖర్చు మిగులుతుంది.

ప్రశ్న: మేడంగారూ, దసరా దాటిందంటే మా ఇంటి వెనక పార్కులోని ఏడాకుల పాల వాసనకి తలనొప్పి, నిద్ర పట్టదు. కొట్టించేయమని అర్జీ పెట్టొచ్చా?
(ప్రైవేటు ఉద్యోగి, దాసన్నపేట)

అర్జీ పెట్టడం మీ ఇష్టం. అనుమతి లేకుండా ఎవరూ గొడ్డలి వేయకూడదు, 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ఉంది.

మీ బాధ అబద్ధమని అనను. ఆ పూల వాసన సాయంత్రం నుంచి చిక్కబడుతుంది, గాలి నిలబడిన రాత్రి కొందరికి కడుపులో తిప్పుతుంది. నాకు ఇష్టం, మా ఆయనకి పడదు. పూత కొన్ని వారాలే. అన్నాళ్లూ ఆ వైపు కిటికీ రాత్రిపూట మూసుకుని, ఇంకో వైపుది తెరుచుకోండి. ఆయాసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం డాక్టర్ని అడగండి, నన్ను కాదు. ఈ చెట్టు శాస్త్రీయ నామంలో బడికి సంబంధించిన మాట ఉంటుంది. దీని తేలికైన చెక్కతో పూర్వం పిల్లలు రాసుకునే పలకలు చేసేవారు, అందుకని. కొత్తగా పెట్టేవాళ్లు మాత్రం పడగ్గది పక్కన పెట్టకండి.

ప్రశ్న: చింత చెట్టు కింద సాయంత్రం కూర్చోకూడదు, దెయ్యాలుంటాయని మా అత్తగారు అంటారు. మీ పార్కులో దాని కింద బెంచీ ఉందా?
(గృహిణి, చీపురుపల్లి)

ఉంది. ఆ బెంచీ ఖాళీ దొరకదు.

మన జిల్లాలో చింతకి భయపడటం ఏమిటమ్మా! దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను చింత మానే. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారు కలలో చెబుతుందని నమ్మకం. ఇరుసుమాను కూడా చింతే. అటు టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటేటా వచ్చే పెలికాన్లు, రంగుల కొంగలు ఊళ్లో చింతల మీద కూడా గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుంటాయి.

చింత కింద మరో మొక్క సరిగా ఎదగదు, ఆ మాట నిజం. నేల బోడిగా, చల్లగా ఉంటుంది. చీకటి పడ్డాక అలాంటి చోట పాములు కనబడతాయనే జాగ్రత్త కొద్దీ పెద్దవాళ్లు దెయ్యాన్ని కాపలా పెట్టి ఉంటారని నా ఊహ. మీ అత్తగారితో వాదించకండి, పగలు కూర్చోండి.

ప్రశ్న: మా వీధి కానుగ ఆకుల నిండా పొక్కుల్లా బుడిపెలు వచ్చాయి. మందు కొట్టించాలా?
(ఆటో డ్రైవర్, రాజాం)

అక్కర్లేదు. కంటికి కనిపించనంత చిన్న నల్లి జాతి పురుగు ఆకులో చేరితే ఆకు తన చుట్టూ తాను బుడిపె కట్టుకుంటుంది. చూడ్డానికి మశూచి పోసినట్టుంటుంది గానీ చెట్టుకి ప్రాణం మీదికి రాదు. ఎండాకాలం ముందు ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది కదా, అప్పుడు సగం పోతాయి. మందు కొడితే ఆ కింద ఆటో నిలుపుకునే మీకే నష్టం.

ప్రశ్న: నాగలింగం పూలు శివుడికి ఎంతో ఇష్టమంటారు. మీ పార్కుకి వచ్చి రోజూ నాలుగు కోసుకోవచ్చా?
(భక్తురాలు, కంటోన్మెంట్, విజయనగరం)

రాలినవి ఏరుకోండమ్మా, పొద్దున్నే వస్తే తాజాగానే దొరుకుతాయి. పడగ విప్పినట్టున్న ఆ పువ్వుని చూసి మన నేల చెట్టే అనుకుంటాం గానీ దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. చింత ఆఫ్రికా నుంచి, ఎర్ర తురాయి మడగాస్కర్ నుంచి, నిద్రగన్నేరు అమెరికా ఖండాల నుంచి వచ్చినట్టే. వచ్చి కాపురం చేసుకుంటున్నాయి.

ఏరుకునేటప్పుడు ఒక కన్ను పైన పెట్టండి. కాయలు ఫిరంగి గుండ్లంత ఉంటాయి, పండితే టప్పున ఊడిపడతాయి. పగిలితే ఆ కంపు భరించలేం. కిందున్న సిమెంటు బెంచీ తీయించమని రెండేళ్లుగా అడుగుతున్నాను. ఎవరి తల మీదైనా పడితే గానీ తీయరేమో.

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మా ఊరి పార్కులో పిల్లల చేత ఇలాంటి లెక్క చేయించాలని ఉంది. పేర్లు తెలియని చెట్లని ఏం చేయాలి?
(ఉపాధ్యాయుడు, ఆమదాలవలస)

చేయించండి బాబూ, చాలా సంతోషం. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లున్నాయి, వాటిని చివర్న వాడండి. ముందు ప్రతి చెట్టుకీ ఒక నంబరు, ఒక ఆకు, ఒక కొలత. ఆకు పాత పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టించండి. పూత, కాత ఏ నెలలో వచ్చిందో రాయించండి. ఒక్క వారంలో ముగించే పనిగా పెట్టకండి, ఏడాది నడవనివ్వండి. రేల మేలో గాని తన సంగతి చెప్పదు, కదంబం వానలొచ్చాక గాని బంతుల్లాంటి పూలు చూపించదు.

పేర్లకి మాత్రం పార్కు ఊడ్చేవాళ్లనీ, మేకలు కాసేవాళ్లనీ అడగమనండి. ఇది పుస్తకం చెప్పిన సలహా కాదు, పోయిన వారం నాకు తగిలిన దెబ్బ. పత్రిక చూపించి 22 రకాలని మా వాచ్‌మన్ ముందు గొప్ప పోతుంటే, "మోటారు గది ఎనకాతల సెట్టు మీరు సూడనేదు" అన్నాడు. వెళ్లి చూద్దును కదా, గోడకీ గదికీ మధ్య సందులో, విరిగిన ఉయ్యాల ఇనుము వెనకాల ఒక సన్నటి చెట్టు. పొడుగాటి జంట కాయలు, చివర్లు రెండూ అతుక్కుని వేలాడుతున్నాయి. ఆకు తుంపితే పాలు. "అంకుడు కదా మేడంగారూ" అన్నాడు. అంకుడే. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే చెక్క. గింజకి పట్టులాంటి కుచ్చు ఉంటుంది, ఏ కొండవైపు నుంచో గాలికి ఎగిరొచ్చి అక్కడ పడి ఉంటుంది. టేపు తెచ్చి కొలిచాను, 11 అంగుళాలు.

పూల్‌బాగ్ కాలనీ వారూ, మీ కాగితం మీద 48, 23 అని దిద్దుకోగలరు.